వాటర్ బాటిల్‌కు ధర ఉంది.. షాంపూ సాషెకు లేదు! మన చెత్త రీసైకిల్ కాకపోవడానికి అసలు కారణం ఇదే

మీ వీధిలోకి చెత్త ఆటో వచ్చినప్పుడు ఈసారి కాస్త గమనించండి. ఆటో పక్కన రెండు మూడు పెద్ద సంచులు వేలాడుతుంటాయి. మీ ఇంటి డబ్బా గుమ్మరించగానే ఆటోలో ఉన్న మనిషి చేతులు చకచకా కదులుతాయి. వాటర్ బాటిల్ ఒక సంచిలోకి.. అట్టపెట్టె ఇంకో సంచిలోకి.. పాల ప్యాకెట్, బీరు సీసా మరో సంచిలోకి. చిప్స్ ప్యాకెట్, షాంపూ సాషె, బిస్కెట్ రేపర్ వైపు మాత్రం ఆ చెయ్యి అస్సలు వెళ్లదు. అవన్నీ తడి చెత్తతో కలిసి నేరుగా డంప్ యార్డుకే.

ఏది రీసైకిల్ అవుతుంది, ఏది చెత్త కొండలో కలుస్తుంది అన్నది ఆ పది సెకన్లలోనే తేలిపోతోంది. ప్రభుత్వ ప్రకటనలు, అవగాహన ర్యాలీలు, గోడల మీద నినాదాలు.. ఇవేవీ ఆ నిర్ణయాన్ని మార్చడం లేదు. పాత సామాన్ల కొట్టులో దేనికి ఎంత ఇస్తారు అన్న లెక్క ఒక్కటే అక్కడ పనిచేస్తోంది. ఆటో కార్మికుడికి వచ్చేది అంతంత మాత్రం. ఆ సంచుల్లోని సరుకు అమ్మితే వచ్చే డబ్బు కూడా అతని ఆదాయంలో భాగమే. ధర లేనిదాన్ని ఎందుకు ఏరతాడు చెప్పండి?

మన దగ్గర రీసైక్లింగ్ ఫెయిల్ అయిందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ధర ఉన్నచోట మన దగ్గర జరిగినంత రీసైక్లింగ్ చాలా దేశాల్లో జరగడం లేదు. ప్రపంచం మొత్తం మీద ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అవుతున్నది 9 శాతమేనని ఓఈసీడీ 2022లో ఇచ్చిన నివేదిక చెప్పింది. అదే మన దేశంలో వాటర్ బాటిళ్లు, కూల్‌డ్రింక్ బాటిళ్లు తయారుచేసే పెట్ ప్లాస్టిక్ చాలావరకు తిరిగి సేకరణలోకి వస్తోందని అంచనాలున్నాయి. దీనికోసం ఏ మున్సిపాలిటీ ప్రత్యేకంగా కష్టపడలేదు. చెత్త ఏరుకుని బతికేవాళ్లు, పాత సామాన్ల కొట్లు, వాటి వెనకున్న హోల్‌సేల్ గోడౌన్లు కలిసి నడిపిస్తున్న వ్యాపారం ఇది.

వెంట్రుకలకూ లెక్క ఉన్న ఊళ్లు మనవి

మన ఊళ్లలో పారేయడం అనేది ఈమధ్య వచ్చిన అలవాటే. పాత చీరలకు స్టీల్ గిన్నెలు ఇచ్చే అమ్మలు ఇప్పటికీ వీధుల్లో తిరుగుతూనే ఉన్నారు. పాత ఇనుముకు ఉల్లిపాయలు ఇచ్చే బళ్లు వచ్చేవి. ఇప్పుడు మైకు పెట్టుకుని "పాత కూలర్లు, పాత బ్యాటరీలు కొంటాం" అంటూ ఆటోలు తిరుగుతున్నాయి. అంతెందుకు.. తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకల్ని కూడా ఉండ చుట్టి దాచిపెట్టి, సామాన్ల వాళ్లకు ఇచ్చేవాళ్లు ఎంతమంది లేరు! రాలిపోయిన జుట్టుకు కూడా ధర కట్టిన చోట.. ఫ్యాక్టరీలో తయారై, వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన సాషెకు మాత్రం ఒక్క పైసా ధర లేదు. విచిత్రంగా లేదూ?

దీనికి కారణం సాషెలోనే ఉంది. చూడ్డానికి ఒకే పొరలా కనిపిస్తుంది కానీ అందులో రెండు మూడు రకాల పొరలుంటాయి. రంగులు అచ్చేయడానికి ఒక ప్లాస్టిక్, గాలి, తేమ చొరబడకుండా అల్యూమినియం లాంటి పూత, అతుకు వేయడానికి లోపల ఇంకో ప్లాస్టిక్. అన్నీ కలిపి ఒకటిగా అతికించేస్తారు. సరుకు నెలల తరబడి పాడవకుండా ఉండేది ఈ పొరల వల్లే. రీసైక్లింగ్‌కు అడ్డం పడేది కూడా అవే. కరిగించి మళ్లీ వాడాలంటే వాటిని విడదీయాలి. అది మామూలు యూనిట్లలో అయ్యే పని కాదు.

పైగా బరువు. లీటరు వాటర్ బాటిళ్లు ఓ యాభై ఏరితే కిలో అవుతుంది. ఖాళీ సాషె బరువు గ్రాముకు అటూ ఇటూ. కిలో కావాలంటే వెయ్యి దాకా ఏరాలి. ఎండలో, కుళ్లిన చెత్తలో, కుక్కల మధ్య నిలబడి వెయ్యి సాషెలు ఏరే మనిషికి ఆ పూట కూలి ఎవరిస్తారు?

కడలూరులో మొదలైన కథ

ఇక్కడ ఓ ఆసక్తికరమైన విషయం ఉంది. సాషె అనేది విదేశీ కంపెనీలు మనమీద రుద్దింది కాదు. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ అనే వ్యాపారి ఆలోచన అది. పెద్ద సీసా కొనలేని కూలీ మనిషి కూడా డబ్బున్నవాళ్లు వాడే షాంపూ వాడాలి అన్నది ఆయన ఉద్దేశం. వెల్వెట్ షాంపూ అలా వచ్చింది. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో సొంతంగా వ్యాపారం పెట్టి, చిక్ షాంపూతో ఊరూరికీ వెళ్లారు. తర్వాత పెద్ద పెద్ద బహుళజాతి కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. ఇవాళ కిరాణా కొట్టు ముందు తోరణాల్లా వేలాడే షాంపూలు, కాఫీ పొడి, సాస్, డిటర్జెంట్.. అన్నింటికీ మూలం అక్కడే.

ఇందులో తప్పు వెతకడం తేలికే కానీ, అది న్యాయం కాదు. రోజుకూలీ మీద బతికే ఇంట్లో ఒకేసారి రెండొందలు పెట్టి షాంపూ సీసా కొనమంటే కుదరదు. రెండు రూపాయల సాషె వాళ్లకు నిజంగానే ఒక సౌకర్యం.

కానీ ఆ కథలోనే ఇంకో ముక్క ఉంది. దాన్ని అందరూ మర్చిపోయారు. చిక్ షాంపూ మార్కెట్లో నిలదొక్కుకునే రోజుల్లో ఆ కంపెనీ ఓ స్కీమ్ పెట్టింది. వాడేసిన ఖాళీ సాషెలు కొన్ని తెచ్చిస్తే కొత్త చిక్ సాషె ఒకటి ఫ్రీ! మొదట ఏ బ్రాండ్ ఖాళీ సాషె అయినా తీసుకున్నారు, ఆ తర్వాత చిక్ సాషెలే తేవాలన్నారు. పర్యావరణం కోసం కాదు.. అచ్చంగా అమ్మకాలు పెంచుకోవడం కోసం చేసిన పని అది. అమ్మకాలు బాగానే పెరిగాయి. అంటే ఖాళీ సాషెకు ఒక విలువ కడితే జనం దాన్ని పారేయకుండా పట్టుకొచ్చి ఇస్తారని ఈ గడ్డ మీదే ఎప్పుడో రుజువైంది. మరి అదే పని ఇప్పుడెందుకు చేయరు? అమ్మకాలకు ఆ అవసరం లేదు కాబట్టి. అంతే.

నిబంధనలో మారిన నాలుగు మాటలు

ఈ పొరల ప్లాస్టిక్‌ను ప్రభుత్వం పట్టించుకోలేదని చెప్పలేం. 2016లో కేంద్రం తెచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో స్పష్టంగా రాశారు. రీసైకిల్ చేయడానికి వీల్లేని మల్టీలేయర్ ప్లాస్టిక్ తయారీ, వాడకం రెండేళ్లలో దశలవారీగా ఆపేయాలి అని. అది అలాగే అమలై ఉంటే 2018 తర్వాత మన కిరాణా కొట్టు రూపమే మారిపోయేది.

ఆ రెండేళ్లూ పూర్తయ్యేసరికి, 2018 మార్చిలో నిబంధనకు సవరణ వచ్చింది. రీసైకిల్ కాకపోయినా ఫర్వాలేదు.. దాన్నుంచి ఇంధనశక్తి తీయలేనిది, వేరే దేనికీ పనికిరానిది అయితేనే ఆపాలి అన్నట్టుగా మార్చారు. ప్లాస్టిక్ ముడి చమురు నుంచి పుట్టిందే కదా.. తగలబెడితే ఏ ప్లాస్టిక్ నుంచైనా వేడి వస్తుంది. ఇక నిషేధించడానికి ఏం మిగిలింది? చిన్న సవరణే. కానీ గత ఏడెనిమిదేళ్లుగా మన డంప్ యార్డులకు చేరుతున్న రేపర్లలో ఎక్కువ భాగం ఆ సవరణ దారిలో వచ్చినవే.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం అన్నారు కదా.. మరి అదేమైంది అని మీకు అనుమానం రావచ్చు. ఆ జాబితా ఒకసారి చూడండి. ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, ఇయర్ బడ్స్ పుల్లలు, బెలూన్ల పుల్లలు, స్వీట్ బాక్సుల మీద చుట్టే పల్చటి కవర్, అలంకరణ థర్మాకోల్.. ఇలాంటివి ఉన్నాయి. సాషెలు లేవు. చిప్స్ ప్యాకెట్లు లేవు. చిన్న చిన్న తయారీదారులు, వీధి వ్యాపారులు వాడే వస్తువుల మీద నిషేధం పడింది. పెద్ద బ్రాండ్ల ప్యాకింగ్‌ను మాత్రం వేరే నిబంధన కిందకు తీసుకెళ్లారు. ఆ సంగతికి వద్దాం.

అన్నట్టు.. ప్లాస్టిక్ గ్లాసు పోయి పేపర్ కప్పు వచ్చిందని సంబరపడేవాళ్లకు ఓ మాట. టీ కొట్టులో ఇచ్చే ఆ పేపర్ కప్పు లోపల కూడా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. 15 నిమిషాల పాటు వేడి ద్రవం ఉంచితే, 100 మిల్లీలీటర్లలో సుమారు 25 వేల మైక్రోప్లాస్టిక్ రేణువులు కలుస్తున్నాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో చెప్పారు. ఆ పొర వల్లే పేపర్ కప్పును పాత కాగితాల వాళ్లూ తీసుకోరు, ప్లాస్టిక్ వాళ్లూ తీసుకోరు.

రీసైకిల్ కానిదంతా మంటల్లోకే

హైదరాబాద్‌లో రోజూ వచ్చే 7 వేల టన్నులకు పైగా చెత్తలో అధిక భాగం చేరేది జవహర్‌నగర్‌కు. ఏళ్ల తరబడి పోసిన చెత్త అక్కడ కోటి టన్నులకు పైగా పేరుకుపోతే, దాని మీద మట్టి, షీట్లు కప్పి క్యాపింగ్ చేశారు. పక్కనే ఉన్న మల్కారం చెరువు నీళ్లు చెత్త ఊటతో నల్లగా మారిన సంగతి చుట్టుపక్కల కాలనీల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కప్పేసినంత మాత్రాన వాసన పోలేదన్నది వాళ్ల గోడు.

అక్కడే 2020లో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. తర్వాత దాన్ని 24 మెగావాట్లకు పెంచారు. ఏపీలో విశాఖ, గుంటూరు ప్రాంతాల్లోనూ ఇలాంటి ప్లాంట్లు వచ్చాయి. పొడి చెత్తలో మండే సరుకునంతా వేరుచేసి ఇంధనంగా మార్చి, సిమెంట్ ఫ్యాక్టరీల బట్టీలకు కూడా పంపుతారు. మన రెండు రాష్ట్రాల్లో సిమెంట్ ఫ్యాక్టరీలకు కొదవలేదు కాబట్టి ఈ దారి తేలిగ్గా కనిపిస్తోంది. పైగా 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు సిమెంట్ ప్లాంట్లలో ఈ చెత్త ఇంధనం వాటాను ఆరేళ్లలో 5 శాతం నుంచి 15 శాతానికి పెంచాలంటున్నాయి.

బహిరంగంగా రోడ్డు పక్కన తగలబెట్టడం కన్నా, పొగను వడకట్టే ఏర్పాట్లున్న బట్టీలో కాల్చడం నయమే. అందులో సందేహం లేదు. కానీ దీన్ని రీసైక్లింగ్ అని పిలవకూడదు. ఒకసారి కాలిపోయిన సాషె మళ్లీ సాషెగా రాదు. కంపెనీ రేపు ఇంకో సాషె కోసం కొత్త ప్లాస్టిక్ కొంటుంది. కాల్చే దారి ఎంత సాఫీగా ఉంటే, ప్యాకింగ్ మార్చాలన్న ఒత్తిడి కంపెనీల మీద అంత తగ్గుతుంది.

ఇక ప్లాంటు దాకా కూడా చేరని చెత్త సంగతి? 2024 సెప్టెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన బ్రిటన్‌లోని లీడ్స్ యూనివర్సిటీ పరిశోధకుల అధ్యయనం ప్రకారం, ఏటా సుమారు 93 లక్షల టన్నుల ప్లాస్టిక్‌ను పర్యావరణంలోకి వదులుతూ మన దేశం ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉంది. అందులో 58 లక్షల టన్నులు బహిరంగంగా కాలిపోతున్నదే. మరోపక్క కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లో 2020-21లో దేశంలో పుట్టిన మొత్తం ప్లాస్టిక్ వ్యర్థాలే 41 లక్షల టన్నుల పైచిలుకు! పుట్టిందాని కన్నా రెట్టింపు బయటికి ఎలా పోతుంది? అధికారిక లెక్కల్లో పల్లెల చెత్త, బహిరంగంగా కాల్చేసే చెత్త, పాత సామాన్ల వాళ్లు తీసుకెళ్లే సరుకు సరిగా నమోదు కావడం లేదన్నది ఆ పరిశోధకుల వాదన. వాళ్లది నమూనా ఆధారంగా వేసిన అంచనా.. ప్రతి అంకెనూ కళ్లకద్దుకోనక్కర్లేదు. కానీ పల్లెల్లో చెరువు గట్టున, రోడ్డు వార సాయంత్రం పూట లేచే పొగ చూసినవాళ్లెవరూ సర్కారు లెక్కే నిజమని గట్టిగా వాదించలేరు.

ఆవుల కడుపులో ఏముందో కూడా మన దగ్గరే బయటపడింది. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ రోడ్ల మీద తిరిగే ఆవులకు ఆపరేషన్లు చేయిస్తే కిలోల కొద్దీ ప్లాస్టిక్ కవర్లు బయటపడ్డాయి. ఆ విషయం మీదే ఆ సంస్థ 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

కంపెనీలే బాధ్యత తీసుకోవాలన్నారు.. మరి జరిగిందేంటి?

పెద్ద బ్రాండ్ల ప్యాకింగ్‌ను వేరే నిబంధన కిందకు తెచ్చారని పైన చెప్పుకున్నాం. దాని పేరు ఈపీఆర్. అంటే, తయారీదారు బాధ్యత అక్కడితో అయిపోదు.. మార్కెట్లోకి ఎంత ప్లాస్టిక్ వదిలారో అంత తిరిగి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత కూడా ఆ కంపెనీదే. 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు వచ్చాయి. సాషెలు, చిప్స్ ప్యాకెట్లు మూడో కేటగిరీలో ఉన్నాయి. ఆ కేటగిరీలో 2024-25కి 30 శాతం రీసైకిల్ కావాలి. ఏటా పది శాతం చొప్పున పెంచుకుంటూ 2027-28 నాటికి 60 శాతానికి చేరాలి. కాగితం మీద మంచి చట్టమే. నిజం చెప్పాలంటే చెత్త విషయంలో మన దేశం చేసిన చట్టాల్లో ఇది గట్టిదే.

అయితే కంపెనీలు స్వయంగా వచ్చి సాషెలు ఏరవు. రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొంటాయి. ఇన్ని టన్నులు రీసైకిల్ చేశామని రీసైక్లర్ పోర్టల్‌లో చూపిస్తే సర్టిఫికెట్ పుడుతుంది. దాన్ని కంపెనీ కొని తన లెక్కలో వేసుకుంటుంది. ఇక్కడే దొంగలు పడ్డారు. 2023లో కాలుష్య నియంత్రణ మండలి గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లోని నాలుగు రీసైక్లింగ్ యూనిట్లను తనిఖీ చేస్తే సుమారు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ఉన్న మెషిన్ల సామర్థ్యానికీ, చూపించిన టన్నులకూ పొంతనే లేదు. అంటే రీసైక్లింగ్ జరిగినట్టు కాగితం పుట్టింది, ఆ కాగితం చేతులు మారింది. ఎక్కడో కాలువలో సాషె మాత్రం అలాగే ఉంది.

2025 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్యాకింగ్ వివరాలు, కంపెనీ రిజిస్ట్రేషన్ సమాచారం క్యూఆర్ కోడ్, బార్‌కోడ్ లాంటి రూపాల్లో ఇవ్వాలన్న సవరణ కూడా వచ్చింది. ఏ ప్యాకెట్ ఎవరిదో తేల్చడానికి ఇది పనికొస్తుంది. కానీ సర్టిఫికెట్ కోసం కంపెనీ పెట్టే డబ్బు ఏరే మనిషి చేతికి వస్తోందా అన్న ప్రశ్నకు ఇందులోనూ జవాబు లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. డబ్బు పైన పైనే తిరుగుతోంది. కింద పాత సామాన్ల కొట్టులో సాషె ధర సున్నాగానే ఉండిపోయింది.

వరికి మద్దతు ధర ఉన్నట్టు, ఇలాంటి ప్లాస్టిక్‌కూ ఒక కనీస ధర ఎందుకు ఉండకూడదు? కిలోకు ఇంత అని కంపెనీల డబ్బుతోనే ధర కట్టి, వార్డు స్థాయి పొడి చెత్త కేంద్రంలో తూకం వేసి, ఏరిన మనిషి ఖాతాలో వేస్తే దొంగ సర్టిఫికెట్లకు కూడా చోటు తగ్గుతుంది. తూకం, ఖాతా, తేదీ అన్నీ ఉంటాయి కదా. చెత్త ఏరే కార్మికులను గుర్తించి నమోదు చేయడానికి కేంద్రం 2024లో వాళ్లను నమస్తే పథకంలోకి తీసుకొచ్చింది. జాబితా తయారవుతున్నప్పుడు దానికి ధర కూడా జోడించడం అంత కష్టమైన పనేం కాదు. పుణెలో చెత్త ఏరే మహిళలు 'స్వచ్ఛ్' అనే సహకార సంస్థగా ఏర్పడి 2008 నుంచి కార్పొరేషన్‌తో కలిసి ఇంటింటి సేకరణ చేస్తున్నారు. ఇళ్లవాళ్లు నెలనెలా ఇచ్చే డబ్బూ, అమ్మిన పొడి చెత్త డబ్బూ వాళ్లకే. ఇదేదో ఊహల్లో మాట కాదు.

సోడా బండి నేర్పిన పాఠం

కిరాణా కొట్లో కూల్‌డ్రింక్ తాగి సీసా అక్కడే ఇచ్చేసిన రోజులు నలభై దాటిన వాళ్లందరికీ గుర్తే. ఇంటికి పట్టుకెళ్లాలంటే సీసా డబ్బులు కట్టాలి, వెనక్కిస్తే ఆ డబ్బులు తిరిగొస్తాయి. గోలీసోడా సీసాలైతే పగిలేదాకా తిరుగుతూనే ఉండేవి. పెట్ బాటిల్ వచ్చాక ఆ పద్ధతి పోయింది. బాటిల్ కడిగి మళ్లీ నింపే ఖర్చు కంపెనీకి తప్పింది, పారేసిన బాటిల్ ఎత్తే ఖర్చు మున్సిపాలిటీ మీద పడింది.

ఆ పాత పద్ధతి మళ్లీ కొన్నిచోట్ల తిరిగొస్తోంది. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ వాటర్ బాటిళ్లు నిషేధించాక గాజు సీసాల్లో నీళ్లు అమ్ముతున్నారు. సీసా వెనక్కిస్తే కొంత డబ్బు తిరిగిస్తారు. తమిళనాడులో 2022లో నీలగిరి జిల్లాతో మొదలుపెట్టి, టాస్మాక్ మద్యం దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే ఆ పది తిరిగివ్వడం మొదలుపెట్టారు. అడవుల్లో పగిలిన సీసాల ముక్కలు ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయని మద్రాస్ హైకోర్టు గట్టిగా పట్టుబట్టడంతో వచ్చిన స్కీమ్ ఇది. అమ్మిన సీసాల్లో అత్యధిక భాగం తిరిగొచ్చాయి. తాగినవాడు తేకపోయినా, పది రూపాయల కోసం ఇంకొకరు ఏరి తెస్తారు! జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లల్ని అడిగితే 'ఫాండ్' గురించి చెబుతారు. అక్కడ 2003 నుంచి ప్లాస్టిక్ బాటిల్, క్యాన్ మీద 25 సెంట్లు డిపాజిట్. సూపర్ మార్కెట్లో మెషిన్‌లో వేస్తే రసీదు వస్తుంది. బిల్లులో అంత తగ్గుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో మద్యం మొత్తం ప్రభుత్వ డిపోల మీదుగానే దుకాణాలకు వెళుతుంది. ఏ సీసా ఎక్కడికి వెళ్లిందో సర్కారు దగ్గర లెక్క ఉంది. కావాలనుకుంటే టాస్మాక్ స్కీమ్ ఇక్కడ కూడా పెట్టొచ్చు. పొలం గట్ల మీద, చెరువు కట్టల కింద పగిలిన సీసా పెంకులతో అవస్థ పడే రైతును అడిగి చూడండి.. వద్దంటాడేమో.

రెండు రూపాయల సాషె మీద మాత్రం డిపాజిట్ నడవదు. వస్తువు ధరకూ డిపాజిట్‌కూ పొంతన కుదరదు. అందుకే దానికి పైన చెప్పిన కనీస ధర గానీ, 2016 నాటి అసలు నిబంధనను మళ్లీ తేవడం గానీ.. ఈ రెండింటిలో ఒకటి తప్పదు.

ఆటోకు డీజిల్ ఎవరు పోయాలి?

రాజకీయ నాయకులు ఇష్టపడని ప్రశ్న ఇది. ఏపీలో 2021లో చెత్త సేకరణకు నెలవారీ రుసుము పెడితే జనం 'చెత్త పన్ను' అని పేరు పెట్టారు. ఎన్నికల్లో అదో పెద్ద అంశమైంది. 2024లో ప్రభుత్వం మారింది.. ఆ పన్ను రద్దయింది. జనానికి ఊరట దక్కింది నిజమే. కానీ ఆటోలు, కార్మికులు, డంప్ యార్డుల ఖర్చు రద్దు కాలేదు. అది వేరే పద్దు నుంచి వెళుతోంది. దేశంలో శుభ్రమైన నగరంగా ఏటా వార్తల్లో ఉండే ఇండోర్‌లో జనం రుసుము కడుతున్నారు. తడి చెత్త నుంచి రోజుకు 550 టన్నుల సామర్థ్యంతో బయో సీఎన్‌జీ తీసే ప్లాంటు 2022 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. కానీ అక్కడ ఇంటి దగ్గరే చెత్త వేరవుతోంది కాబట్టే ఆ ప్లాంటు నడుస్తోంది. కలిపేసిన చెత్తతో గ్యాస్ రాదు.

మన ఇళ్లలో తడి, పొడి రెండు డబ్బాలు ఇచ్చి ఏళ్లు గడిచాయి. కొత్త నిబంధనలు ఇప్పుడు నాలుగు అంటున్నాయి.. తడి, పొడి, శానిటరీ ప్యాడ్లు, డైపర్ల లాంటివి ఒకటి, బల్బులు, మందులు, పెయింట్ డబ్బాల లాంటివి ఇంకొకటి. వేరుచేసి ఇచ్చినా ఆటోలో అన్నీ ఒక్కచోటే గుమ్మరిస్తుంటే, ఇచ్చేవాళ్లకు కూడా విసుగొస్తుంది. ఆ ఫిర్యాదు సబబైనదే. ఆటోలో నాలుగు అరలు పెట్టకుండా ఇంట్లో నాలుగు డబ్బాలు పెట్టమంటే ఎవరు వింటారు?

అయినా సరే, వేరుచేయడం వల్ల తేడా ఎక్కడ వస్తుందో తెలుసుకోవాలంటే ఆదివారం తెప్పించుకున్న బిర్యానీ పార్సిల్ చాలు. తెల్లటి పెద్ద డబ్బా, సాలన్, రైతాల చిన్న డబ్బాలు.. ఇవి మంచి రకం ప్లాస్టికే. పాత సామాన్ల వాళ్లు తీసుకుంటారు. అయితే నూనె, మసాలా అంటుకుని, మిగిలిన అన్నంతో కలిపి పారేస్తే మాత్రం ఎవరూ ముట్టుకోరు. నల్ల డబ్బాకు ధర తక్కువ, ఎందుకంటే దాన్ని కరిగిస్తే మళ్లీ నల్ల వస్తువే చేయాలి. ఉల్లిపాయ, నిమ్మకాయ ముక్కలు కట్టిన పల్చటి కవర్‌కు అసలు ధరే లేదు. గిన్నెలతో పాటు ఆ డబ్బాను ఒక్కసారి నీళ్లతో కడిగి పొడి చెత్తలో పెడితే అది ఆటో పక్కన వేలాడే సంచిలోకి వెళ్లే సరుకవుతుంది. పాల ప్యాకెట్ విషయంలోనూ అంతే. కత్తెరతో మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క పూర్తిగా ఊడిపోకుండా కవర్‌కే అంటిపెట్టుకుని ఉండేలా కత్తిరించండి. ఊడిన ముక్కను ఎవరూ ఏరలేరు, అది నేరుగా కాలువలోకే పోతుంది. కవర్ కడిగి ఆరబెట్టి వారానికోసారి కట్టగా ఇస్తే పాత సామాన్ల కొట్టువాడు తూకం వేసి డబ్బులిస్తాడు.